కుర్చీ సమస్య: కారణాలు, పరిష్కారాలు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఎవరిని ఏం చేస్తున్నావని అడిగినా "ప్రిపేర్ అవుతున్న" అనేవాళ్లు. దేనికని ఎవరూ అడిగేవారు కాదు. (ఆ రోజుల్లో అంటే రాజుల కాలమేమీ కాదు, నాలుగేళ్ల కిందటి మాట. గ్రూప్స్‌కు చదివినవాడికి ఒక్కో ఏడూ ఒక్కో యుగం.) హాస్టల్‌లో నా గదివాణ్ని అందరూ బ్రష్ అని పిలిచేవాళ్లు. పళ్లు తోముకునే బ్రష్ కాదు. వాడూ ఇంట్లో ప్రిపేర్ అవుతున్నాననే చెప్పాడు గానీ, మంచం కింద పుస్తకాలకంటే రంగుల ట్యూబులే ఎక్కువుండేవి.

పొద్దున ఆరింటికల్లా చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో కుర్చీలన్నీ నిండిపోయేవి, మనుషులతో కాదు, నీళ్ల సీసాలతో. సీసా పెట్టినవాడు నారాయణగూడ దాకా పోయి టిఫిన్ తిని తీరిగ్గా వచ్చేవాడు. అంతదాకా ఆ కుర్చీలో సీసాదే రాజ్యం. బ్రష్ దీన్ని మంచమంత కాన్వాసు మీద వేశాడు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కోదాని మీద ఒక్కో సీసా, మనిషన్నవాడు లేడు. దాన్ని నగరంలోని ప్రభుత్వ కళా మ్యూజియానికి పంపాలనుకున్నాడు. వర్ధమాన కళాకారులను, అంటే ఇంతవరకు ఎక్కడా ఏ గోడకూ ఎక్కనివాళ్లను ఎంపిక చేసి, గోడ ఇచ్చి, ఫ్రేము కట్టించి, దారి చూపడానికి ఒక పెద్ద చిత్రకారుణ్ని కూడా తోడిస్తారక్కడ. నల్లకుంటలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం నడిపే బ్రష్ మేనమామ ఇదంతా విని, "వర్ధమాన అంటే ఇంక కాలేదన్నట్టే గద" అని తేల్చేశాడు. ఈసారి మ్యూజియం తీసుకోకపోతే బ్రష్ ఆ దుకాణంలో కూర్చుని బకెట్లు అమ్మాలన్నది ఒప్పందం.

దరఖాస్తుతో పాటు బొమ్మ గురించి ఒక పేజీ రాయాలట. వాడికి రాయడం రాదు. నాకు రాయడం తప్ప ఇంకేమీ రాదు. పరేషాన్ కావద్దు, నేను చూసుకుంటానని పెన్ను తీశాను. మూడేళ్లుగా వ్యాసాలు రాసిన చేయి, ఊరుకుంటుందా? ఉపోద్ఘాతం, కుర్చీ చారిత్రక నేపథ్యం (సింహాసనం నుంచి ప్లాస్టిక్ దాకా), రాజ్యాంగంలో సమానత్వపు హక్కు, సమస్యకు కారణాలు, సిఫార్సులు, ముగింపు. ప్రభుత్వం, ప్రజలు చేయీ చేయీ కలిపినప్పుడే కుర్చీ సమస్య శాశ్వతంగా పరిష్కారమవుతుందని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. అందులో బొమ్మ గురించి ఒక్క ముక్కా లేదన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

వారం తర్వాత మ్యూజియం నుంచి పిలుపు వచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను (రచయితను కదా). ఎంపిక చూసే మేడం ఆ కాగితాన్ని చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"బాబూ, మండలానికో కుర్చీల కమిటీ వేయాలని రాశావు. ఆ కమిటీ ఈ బొమ్మలో ఎక్కడుంది?"

బ్రష్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. వాడి కళ్ల ముందు బకెట్లు వరసగా కదులుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

"అది నేను రాయలే మేడం," అన్నాడు చివరికి. "నాకు రోజూ కుర్చీ దొరకకపోయేది. నిలబడి ఎంతసేపని చదువుత? అందుకే బొమ్మ ఏసిన."

మేడం ఆ మాటలు అలాగే రాసుకున్నారు. నా పేజీని మడిచి నాకిచ్చేశారు.

ప్రదర్శన నాడు బొమ్మ పక్కన చీటీ మీద ఉన్నవి ఆ మాటలే. హాస్టల్ బ్యాచంతా వచ్చి, కళను పక్కనపెట్టి, నీలం సీసా నాదంటే నాదని కొట్లాడుకున్నారు. మేనమామ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, కుర్చీల మాల్ మంచిదేనని ఒప్పుకున్నాడు. పోయేముందు బ్రష్ భుజం మీద చెయ్యేసి, "దుకాణం యాడికి పోతదిరా, బొమ్మలే ఎయ్యి" అన్నాడు.

నేను గ్రూప్స్ పాసు కాలేదు (మీకు ముందే అర్థమై ఉంటుంది). ఇప్పుడు హిమాయత్‌నగర్ ఆఫీసులో నాకంటూ ఒక కుర్చీ ఉంది, గుండ్రంగా తిరుగుతుంది కూడా. మడతలు పడ్డ ఆ పేజీని అప్పుడప్పుడు తీసి చదువుకుంటే, సింహాసనం దాకా వెళ్లొచ్చిన ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది. వాడికీ రోజూ కుర్చీ దొరికేది కాదు. ఆ ఒక్క సంగతే రాయడం మరిచిపోయాడు.