విన్నీ హెడ్లీ పోగొట్టుకున్న గురువారం

మా ఊరు కోల్డ్‌సైక్ చుట్టూ నేను కట్టిన గోడలు పదకొండు మైళ్ళ పొడవున ఉన్నాయి. సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి, ఇంతవరకు ఒక్కటీ కూలలేదు. లీక్ అనే లావు ఉల్లికాడల పోటీలో తొమ్మిదిసార్లు మొదటి బహుమతి నాదే. చదివింది ఊరి బడిలో పదిహేనో ఏట దాకానే అయినా, ఊరి కౌన్సిల్‌కి పద్నాలుగేళ్ళు అధ్యక్షుడిగా చేశాను. ఇన్ని చేసినవాణ్ణి కాబట్టి, విన్నీ హెడ్లీకి చేసిన అన్యాయం కూడా నేనే చెప్పాలి.

విన్నీ మా చిన్నాసుపత్రిలో వంటమనిషి. ఎనిమిదే మంచాలు. ఏ రోగికి ఏ రోజు ఏది గొంతు దిగుతుందో ఆమెకు తెలుసు. ఆమె మొగుడు టామ్ బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. చలికాలమంతా ఆ మంచాల్లో ఒకదాని మీదే ఉండేవాడు. ఆ ఆసుపత్రిని మూసేస్తామంది జిల్లా కౌన్సిల్. మూస్తే టామ్‌ని ముప్పై మైళ్ళ అవతల పట్నానికి పంపాలి. విన్నీకి కారు నడపడం రాదు.

అభ్యంతరాలు వినడానికి పట్నంలో ఒక గురువారం పదకొండు గంటలకు సభ పెట్టారు. అక్కడికి వచ్చి నిలబడి మాట్లాడినవాళ్ళ మాటే లెక్క. విన్నీ బస్సు మాట్లాడింది, నలభై మంది పేర్లు రాసుకుంది. అంతలో ఊరికి ఉత్తరం వచ్చింది. సరిగ్గా అదే గురువారం, అదే గంటకు, రాజకుటుంబంలోని ఒక డ్యూక్ గారు వచ్చి ఆసుపత్రి గోడకు ఇత్తడి ఫలకం ఆవిష్కరిస్తారట. ఎనభై ఏళ్ళ సేవకు గుర్తుగా! మూసేయబోయే ఆసుపత్రికి!

నేను టామ్ మంచం దగ్గరికి వెళ్ళాను. విన్నీ అతనికి సూపు తాగిస్తోంది.

"ఆ బస్సు మానేయ్ విన్నీ. ఆయన వచ్చేసరికి ఊరు ఖాళీగా ఉంటే పరువేం కాను?"

"ఆయనొక్కడి కోసం నలభై మందిమి నోరు కట్టేసుకోవాలా రాల్ఫ్?"

"ఆయన కళ్ళారా చూస్తే ఒక్క మాట పైకి చేరుతుంది. ఆ తర్వాత ఇంకెవడు మూస్తాడు?"

టామ్ ముఖం మీది ఆక్సిజన్ గొట్టం పక్కకు తీశాడు. "పోనీరా దాన్ని. జెండాలూపడానికి నీ ఉల్లికాడలున్నాయిగా."

నేను నవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగాను. ఒకరికి పిల్లల పాట, ఒకరికి కేకు, ఒకరికి కొత్త టోపీ ఎర వేశాను. విన్నీ జాబితాలో పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరికి ఆమె కూడా బస్సు వద్దని చెప్పేసింది. ఆ ఒక్క మాట మీద ఆమెకూ ఆశ పుట్టించింది నేనే.

గోడలకు రంగులు వేశాం. వాడతాడో లేదో తెలియని దొరగారి కోసం మరుగుదొడ్డికి కొత్త తలుపు పెట్టించాం. ముందే వచ్చిన ఒక అధికారి మాకు నేర్పాడు: ఆయన పలకరించేదాకా మీరు పలకరించకూడదు, మీరుగా చెయ్యి చాపకూడదు. డెబ్భై ఏళ్ళవాళ్ళం బడిపిల్లల్లా తలలూపాం.

ఆయన ఉన్నది పంతొమ్మిది నిమిషాలు. వరసలో విన్నీ ముందు ఆగాడు.

"చాలా దూరం నుంచి వచ్చారా?"

"లేదండీ, ఎదురింటి నుంచే. నా మొగుడు ఈ గదిలోనే పడుకుని ఉన్నాడు. దీన్ని మూసేస్తే ముప్పై మైళ్ళు పోయి చూసుకోవాలండీ."

"ఓహో, భలే, భలే," అని చిరునవ్వు నవ్వి ముందుకు జరిగాడు. నా దగ్గర ఆగి, నా చేతిలోని ఉల్లికాడలు చూసి, "ఇవి తింటారా?" అని అడిగాడు.

ఆ అధికారి వెనక పరుగెత్తాను. "అయ్యా, ఆసుపత్రి గురించి ఆయన ఒక్క మాట..."

"పాలన విషయాల్లో రాజకుటుంబం తలదూర్చదండీ. అది మన సంప్రదాయం."

తలదూర్చని మనిషి కోసమా నేను తలుపు మార్పించింది? అదే గంటలో పట్నంలో సభాధ్యక్షుడు ఖాళీ కుర్చీలను చూసి, అభ్యంతరాలు లేవని రాయించి, నాలుగు నిమిషాల్లో పని ముగించాడట.

రాజులుంటే జనం ఒక్కచోట చేరతారని ఇప్పటికీ కొందరు నాకు చెబుతుంటారు. నిజమే, చేరాం. మేం ఇంకోచోట ఉండాల్సిన రోజున మమ్మల్నందర్నీ పోగుచేసి ఒక్కచోట నిలబెట్టారు. ఆ పని మాత్రం వాళ్ళలా ఇంకెవరూ చెయ్యలేరు.

ఆసుపత్రి మూతపడింది. మరుసటి చలికాలం విన్నీ టామ్‌ని చూడ్డానికి రోజూ రెండు బస్సులు మారి పట్నం వెళ్ళేది. ఫిబ్రవరిలో ఒక ఉదయం బస్సు మంచులో చిక్కుకుంది. ఆమె చేరేసరికి టామ్ పోయి నలభై నిమిషాలయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పోయిన వసంతంలో ఇంకో రాచబిడ్డ మా ఊరు వస్తోందన్నారు. ఊళ్ళో పెద్దది కాబట్టి పూలగుత్తి విన్నీ చేత ఇప్పిద్దామని కుర్రకారు వెళ్ళి అడిగారు. ఎనభై మూడేళ్ళ మనిషి, కళ్ళద్దాలు పెట్టుకుని అడిగింది: "ఆ రోజు జిల్లా కౌన్సిల్‌లో ఏముంది?"

చూస్తే, మా ఊరి బస్సు రద్దు మీద విచారణ ఉంది. ఆమె ఆ బస్సే ఎక్కింది. ఆమె వెనక ఎక్కింది ఆరుగురం. రాజకుమారికి పూలు ఎవరిచ్చారో నాకు తెలియదు. మేం ఒకరి తర్వాత ఒకరం లేచి మాట్లాడాం, విన్నీ అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది. బస్సు మిగిలింది, వారానికి మూడు రోజులే.

"మిగతా నాలుగు రోజుల కోసం మళ్ళీ ఎప్పుడు పోదాం?" అంది విన్నీ, తిరిగొస్తూ.