జెర్సీ కోడెకు నాటు కొలత

నాటావుకూ జెర్సీ కోడెకూ తలకొక మోపు చొప్పున ఒకే కొలత గడ్డి వేశారు. జరిగిన అన్యాయం అదే.

మాకు ఒంటెద్దు మిగిలింది. జత లేకపోతే సేద్యం లేదు. మా ఆవు నాటుదే అయినా, పశువుల డాక్టరు వచ్చి, "చూలుకు జెర్సీ సూది వేస్తా పెద్దాయనా, దూడ మీ ఆవును మించిపోతుంది" అని ఊరించాడు. కోడె పుట్టింది. మూపురం అంతంతమాత్రం. ఒళ్లు పడితే కాడి మోస్తుందిలే అనుకున్నాను. ఇంట్లో మేతకు శెనక్కాయ కట్టె ఉన్నన్నాళ్లు కళ్లముందే ఎదిగింది. వాన రాని ఏడు ఆ మేత వామి అయిపోయింది. బత్తలపల్లె దారిలో కరువు పశువులకని సర్కారు పెట్టిన గడ్డి క్యాంపుకు తోలుకుపోయాను.

అక్కడ లారీలో వచ్చిన వరిగడ్డే మేత. తలకొక మోపు అని ఊరంతా కూర్చుని ఒప్పుకున్న కట్టుబాటు. పంచేది మా ఊరి రైతే.

"దీని ఒళ్లు చూడప్పా. ఇంగో సగం మోపు వెయ్యి," అన్నాను.

"నీ కోడెకేమన్నా రెండు తలకాయలుండాయా మామా?"

"తల కాదురా, కడుపు చూడు."

"కడుపు చూసి పెట్టేట్లయితే మా ఇంట్లో ముందు నాకు పెట్టల్ల," అన్నాడు వెనక నిలబడినాయన. అందరూ నవ్వారు.

వాళ్లననేందుకు లేదు. కరువులో ఒకరికి పిడికెడు ఎక్కువ పోతే ఊరు రగులుతుంది. నా చిన్నప్పటి కరువులో నాయన ఇంటి కప్పు మీది బోద పీకి వేస్తే, నాటు పశువులు అదే నమిలి గట్టెక్కాయి. చిన్న ఒళ్లు, చిన్న ఆకలి. మా కోడె పెద్ద ఒళ్లు పెట్టుకుని పుట్టింది. ఉత్త గడ్డితో కండ పట్టదు, తవుడో గానుగ చెక్కో కలపాలి. బడి మొహం చూడకపోయినా, పొట్లం కాగితాలతో అక్షరాలు నేర్చి వ్యవసాయ పత్రికలు చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. తెలిసి ఏం లాభం, తవుడు యాడుంది?

క్యాంపు ఎత్తేసేనాటికి ఎముకలు సాగాయి, కండ రాలేదు. పక్క గుంజకు కట్టిన నాటు దూడ నున్నగా ఉంది. మాది లేవబోయి తూలుతోంది. ఎద్దుకు జత కాదని తేలిపోయింది.

డాక్టరు కోసం చాలాసార్లు తిరిగాను. అనంతపురం పోయాడనేవారు, టూరులో ఉన్నాడనేవారు. చివరికి దొరికాడు.

"పుట్టించినోళ్లు దాని మేత సంగతి చూడొద్దా సారూ?" అన్నాను.

ఆయన కుర్చీ చూపించాడు.

"ఎన్ని సూదులు వేసినావని పై ఆఫీసర్లు అడుగుతారు పెద్దాయనా. పుట్టినవి ఏం తింటాండాయని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. మీరే మొదలు."