ట్రైనింగుకు ఎవరు వెళ్తారు

పై ఆఫీసు నుంచి ట్రైనింగ్ లెటర్ వస్తే మా పీహెచ్‌సీలో అందరిదీ ఒకటే ప్రశ్న: ఎవరు వెళ్తే ఇక్కడ పని ఆగదు? ఎవరికి ఆ పని రావాలని ఒక్కరూ అడగరు. టీకాలకైనా, కాన్పులకైనా, వడదెబ్బకైనా మా ఫార్మసిస్టే వెళ్తాడు. ఆయన లేని రోజు బిళ్ళలు మాలో ఎవరో ఒకరు ఇచ్చేస్తాం. పొద్దున్నే నరసరావుపేట బస్సెక్కి, అక్కడ భోజనం చేసి, సర్టిఫికెట్టూ సంచీ తెచ్చుకుంటాడు. మర్నాటి నుంచి ఆ సంచిలో క్యారియర్ తెస్తాడు. స్టాఫ్ నర్సుగా సూదులు వేసేది నేను. నాకు ఒళ్ళు మండేది.

పాముకాటు ట్రైనింగుకూ ఆయనే వెళ్ళొచ్చాడు.

మిరపకోతల రోజుల్లో మా వెనకవీధి వదినను ఆటోలో తెచ్చారు. కల్లంలో కాయలు ఆరబోస్తూ టార్పాలిన్ పట్టా ఎత్తిందట, కింద పాము. చేతిమీద కాటు కనబడుతూనే ఉంది.

"వదినా, నాలుక మందమైతాంది," అంది నాతో. కనురెప్పలు వాలిపోతున్నాయి.

విరుగుడు మందు ఫ్రిజ్‌లో ఉంది. డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. సీసా చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"నేనెప్పుడూ ఎక్కించలేదు సిస్టర్. మందు పడక రియాక్షన్ వస్తే ఏం చేయాలి?"

నాకూ తెలియదు. ఇద్దరం ఫార్మసిస్టును పిలిచాం.

"స్లైడ్లు చూపిచ్చార్రా అమ్మా," అన్నాడాయన. "ఎనక కూసున్నా, నాకేం అర్థం గాలా. ఎక్కించేది నేను గాదు గదా."

డాక్టరమ్మ సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, నరసరావుపేట పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

"మందు ఉందంటిరి గదా చెల్లెమ్మా, ఎక్కిచ్చరేంది?" అని వదిన భర్త నా చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాసుపత్రిలో బాగా చూస్తారన్నా అని చెప్పి అంబులెన్స్ ఎక్కించాను. పిడుగురాళ్ళ దాటకముందే వదిన ఊపిరి ఆగిపోయింది.

తర్వాత మీటింగ్ పెట్టారు. ఒకరికి మళ్ళీ ట్రైనింగ్ ఇప్పించాలని లెటర్ వచ్చింది. డాక్టరమ్మను పంపితే ఓపీ చూసేవాళ్ళు లేరన్నారు. నేను వెళ్తానన్నాను. దెబ్బలాడాను కూడా.

"నువ్వు పోతే సూదులెవరేస్తారమ్మా?" అన్నాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరు. ఆయన తిట్టినా బాగుండేది. మామూలుగా అడిగాడు, నిజంగానే అదొక సమస్య అన్నట్టు.

ఫార్మసిస్టు వెళ్ళాడు. కొత్త సంచి తెచ్చాడు.

మొన్న వదిన భర్త బీపీ బిళ్ళలకు వచ్చాడు. మందుల కిటికీ అవతల బల్లమీద క్యారియర్ సంచి ఉంది. దానిమీద అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"పాముకాటు మరణాలను ఆపుదాం."

నా వైపు చూశాడు. బిళ్ళలు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.