తడిపంచె చాటున

ఈ బరువు ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోనసీమలో పౌరోహిత్యం చేసుకుని బతికేవాణ్ణి. పెళ్లిళ్లకంటే తద్దినాలకే నన్ను ఎక్కువగా పిలిచేవారు. మడీ ఆచారం తెలిసినవాడినని పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చేసిన పనులన్నీ దాన్ని కాపాడుకోవడానికి చేసినవే.

ప్రోస్టేట్ క్యాన్సర్ అని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పేసరికే అది నా ఎముకల్లోకి పాకింది. మూడు నెలలకోసారి పొట్టలో ఇంజెక్షను, రోజూ మాత్రలు. మగ హార్మోనుని అణిచేస్తే జబ్బు కూడా అణిగి ఉంటుందన్నారు. అణిగింది. దాంతోపాటు నేనూ అణిగాను. ఉన్నట్టుండి లోపల్నుంచి వేడి ఆవిరి ఎగదన్ని మొహమూ మెడా చెమటతో తడిసిపోయేవి. రొమ్ములు ఉబ్బి, ఉత్తరీయం తగిలినా నొప్పి పుట్టేది. అన్నిటికంటే ఘోరం, మూత్రం ఆగేది కాదు. కాస్త గట్టిగా దగ్గితే చాలు, పంచె తడిసేది.

పితృకార్యం చేయించే బ్రాహ్మడు ఇలా ఉన్నాడని తెలిస్తే ఎవరు పిలుస్తారు? మానేయాలి. మానేస్తే ఎందుకు మానేశారని అడుగుతారు. అప్పుడు నాకో ఉపాయం తోచింది. స్నానం చేసి, తడిపిన పంచె పిండీ పిండకుండా కట్టుకుని కూర్చుంటే ఏ తడి ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది? ఆవిర్లకి కూడా చల్లగా ఉండేది. "ఈ రోజుల్లో కూడా తడిబట్టతో చేయిస్తున్నారు, ఎంత నిష్ఠండీ మీది" అని దణ్ణాలు పెట్టేవారు. తల వంచుకుని ఆశీర్వదించేవాణ్ణి. సిగ్గు వేయలేదా? వేసింది. కానీ, ఇప్పుడింక దాచడమెందుకు, ఆ పొగడ్త నాకు బాగుండేది కూడా.

మా ఆవిడకొక్కదానికే తెలుసు. ఎవరితోనూ అనకూడదని దేవుడి ముందు ఒట్టు వేయించుకున్నాను. ఊళ్లో వాళ్లకి మోకాళ్ల నొప్పులకి రాజమండ్రి వెళ్తున్నానని చెప్పేవాణ్ణి. ఇంతవరకే అయితే నా పాపం నాతోనే పోయేది.

డాక్టరుగారు మొదట్లోనే అడిగారు, అన్నదమ్ములున్నారా అని. ఒక్కడే తమ్ముడన్నాను. ఇది కొన్ని కుటుంబాల్లో రక్తసంబంధీకులకి రావచ్చు, ఆయన్నీ ఓ రక్తపరీక్ష చేయించుకోమనండి అన్నారు. చెప్తానండీ అన్నాను. కానీ వాడికి చెప్పాలంటే నాకుందని చెప్పాలి. వాడికి చెబితే మరదలికి తెలుస్తుంది, మరదలికి తెలిస్తే చుట్టాలందరికీ తెలుస్తుంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

తమ్ముడు తణుకులో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా నాన్నగారి తద్దినానికి ఏటా మా ఇంటికి వస్తాడు. ఆ ఏడు భోక్తలు భోంచేసి వెళ్లాక, మా భోజనాల పిలుపు కోసం ఇద్దరం పెరట్లో అరుగు మీద కూర్చున్నాం. నా ఒంటిమీద అదే తడి పంచె. వాడు గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నయ్యా, ఓ మాట అడుగుతాను, నవ్వకేం. ఈమధ్య ఒంటికి వెళ్తే ఓ పట్టాన రావట్లేదు. వచ్చి పడుకుంటే మళ్లీ లేవాలి. నీకెప్పుడైనా ఇలా ఉందా?"

"నాకా? నాకేం లేదురా."

"డాక్టరుకి చూపించుకోమని నీ మరదలు ఒకటే గోల."

"వయసురా అది. పల్లేరుకాయల కషాయం తాగు, సర్దుకుంటుంది. ఆడవాళ్లకేం, తుమ్మినా డాక్టరే అంటారు."

"నువ్వు చెప్పావుగా, ఇంక బెంగ లేదులే" అని నవ్వాడు.

నా మాటంటే వాడికంత గురి. కషాయం వేళ తప్పకుండా తాగాడట. నడుం నొప్పితో మంచం మీంచి లేవలేని రోజొచ్చాక గానీ ఆసుపత్రికి వెళ్తానని ఒప్పుకోలేదు. అప్పుడైనా నోరు విప్పానా? దగ్గర్లో ఉన్న రాజమండ్రి మాని, అక్కడ నన్ను గుర్తుపడతారన్న భయంతో, నడుం పట్టేసిన మనిషిని విజయవాడ దాకా కారులో కుదిపి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుగారు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే, తమ్ముడు నావైపు చెయ్యి చూపించి, మా అన్నయ్య నిక్షేపంలా ఉన్నాడండీ అన్నాడు. నేను తల ఊపాను. వాడికీ ఎముకల్లోకి పాకింది.

ముందే తెలిసినా ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉంటాను. ఏమయ్యేదో నిజంగా నాకు తెలియదు. కానీ తెలుసుకునే వీలు వాడికి లేకుండా చేసింది నేనే. దేనికోసం? మడి కోసమా? ఒంట్లో బాగులేనివాళ్లకి మడి పట్టింపు లేదండీ, ఓపిక ఉన్నంతవరకే చేయండి అని తద్దినం పెట్టే ఎంతమంది యజమానులకి నా నోటితో నేనే చెప్పలేదూ? మడి కోసం కాదు. నా పేరు కోసం.

ఇప్పుడు వాడికీ అదే ఇంజెక్షను. ఫోన్ చేసి ఆవిర్ల గురించి చెబుతాడు. రొమ్ములు ఉబ్బుతున్నాయని, అద్దంలో చూసుకోవడానికి సిగ్గుగా ఉందని ఏడుస్తాడు. ఇలా ఇంకెవరికైనా ఉంటుందా అన్నయ్యా అంటాడు. ఉంటుందిరా, నాకుంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. మెడకి తడి తువ్వాలు చుట్టుకో, ఎవరో చెప్పగా విన్నాను అంటాను. మా అబ్బాయినీ తమ్ముడి కొడుకునీ మాత్రం పరీక్ష చేయించుకోమని తరిమాను. అప్పుడు కూడా తమ్ముడి జబ్బునే చూపించాను గానీ నాది బయటపెట్టలేదు.

చెబితే తిడతాడని కాదు నా భయం. తిట్టడు. నువ్వెంత అవస్థ పడ్డావో అన్నయ్యా అంటాడు. ఆ మాట వినే మొహం నాకు లేదు.

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంది. తమ్ముడు అడిగితే లేదన్నాను. ఈ రెండు మాటలూ ఒకచోట రాయడం ఇదే మొదటిసారి. రాసి కాసేపు ఏడ్చాను. గుండెల్లో కాస్త తేలిగ్గా ఉంది. వాడికి మాత్రం ఇంకా తెలియదు.