సబ్బు మీద వేసిన నింద

మా ప్రయోగశాలలో గాజు సామాను కడిగే ఆవిడను అందరూ సీసాల పిన్ని అంటారు. ఆ సింకు దగ్గర అంతకుముందు వాళ్ళ అత్తగారు పనిచేసేది. ఆవిడ పోయాక పని కోడలికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళయింది. భర్త దర్జీ, చూపు తగ్గి మిషను మూలన పెట్టాడు. ఇల్లు పిన్ని చేతుల మీదే నడుస్తోంది. ఆ చేతుల్నే నేను అనుమానించాను.

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసే రకాన్ని. అలాంటిదానికి పరిశోధన పని ఇచ్చారు, ఇంకేం కావాలి!

నా పని న్యూరోస్టెరాయిడ్ల మీద. మెదడు కొలెస్ట్రాల్ నుంచి సొంతంగా తయారుచేసుకునే మందులవి. వాటిలో కొన్ని నరాల అలజడిని తగ్గిస్తాయి. వాటికి నీళ్ళంటే పడదు, కొవ్వంటే ప్రాణం. ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పలచని పొర ఉంటుంది. మందు ముందు ఆ పొరలో కరిగి, లోలోపలే పక్కకు జరుగుతూ వెళ్ళి, అక్కడ తలుపులా ఉండే ప్రొటీన్‌ను తడుతుంది. నేను గాజు గొట్టాల్లో అలాంటి కొవ్వు పొరలు తయారుచేసి, వాటిలోకి ఎంత మందు దిగుతుందో కొలిచేదాన్ని. పిన్ని ఒకసారి అడిగితే ఇదంతా చెప్పాను. సబ్బు చేతులతోనే కాసేపు ఆలోచించింది.

"అంటే గుమ్మంలోంచి రాకుండా గోడలో దూరి వస్తుందన్నమాట. దాన్ని ఓ కంట కనిపెట్టి ఉండమ్మా," అంది.

కొన్నాళ్ళకు నేను కనిపెట్టడం మొదలుపెట్టింది పిన్నినే. ఒక వారం నా కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. గొట్టంలో రవ్వంత సబ్బు మిగిలినా కొవ్వు పొరలు చెదిరిపోతాయని చదివి ఉన్నాను. దొంగ దొరికినట్టే అనుకున్నాను. చేతులు కడుక్కునే నెపంతో సింకు దగ్గర తచ్చాడాను. పిన్ని ఒక్కో గొట్టాన్ని ఏడుసార్లు జాడించి, కిటికీ వెలుగులోకి ఎత్తి చూసేది. లోపలి నీరు తెరలా జారితే శుభ్రమైనట్టు. బొట్లుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టు, మళ్ళీ కడగాలి. అత్తగారు నేర్పిన పద్ధతి అది. నేను చూస్తున్నానని ఇదంతా నటిస్తోందని అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

సోమవారం మీటింగులో ప్రొఫెసర్ ముందు, అందరూ వింటుండగా, పిన్ని సరిగ్గా కడగకపోవడం వల్ల నా ప్రయోగాలు పాడవుతున్నాయని చెప్పేశాను. నెలాఖరుకి ఆవిడ కాంట్రాక్టు ముగుస్తుంది. ఈసారి పొడిగించాలో వద్దో చూద్దామన్నారాయన. ఆ మాట సింకు దాకా చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

గాజంతా అల్మారాలో పెట్టి తాళం వేశాను. వాడి పారేసే ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చుకున్నాను. నీళ్ళు కూడా సీలు వేసిన డబ్బాలవే. తీరా చూస్తే, పొరల్లో మందు కనిపించడమే మానేసింది. పిన్ని కక్షగట్టి నా బల్ల దగ్గర ఏదో చేస్తోందనిపించింది. సొరుగు సందులో కాగితం ముక్క ఇరికించి ఇంటికి వెళ్ళేదాన్ని. పొద్దున్నే వచ్చి చూస్తే అది అక్కడే ఉండేది. అయినా నా అనుమానం తీరలేదు. ఇలా మూడు వారాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం పిన్ని చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ లెక్కలు ఇంకా తప్పుతున్నాయని అందరూ అనుకుంటున్నారమ్మా. మూడు వారాలుగా నీ దగ్గర్నుంచి ఒక్క గొట్టం నా సింకుకి రాలేదు. మరి ఇప్పుడు పాడుచేస్తున్నదెవరు?"

ఆవిడ వెళ్ళాక, వాడేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆల్కహాల్‌తో కడిగి, ఆ ఆల్కహాల్‌లో మందు ఎంతుందో కొలిచాను. కనిపించకుండా పోయిన మందంతా అందులోనే ఉంది. నీళ్ళంటే పడని ఆ మందు, కొవ్వు పొర దాకా పోకుండా ప్లాస్టిక్ గోడకే అంటుకుపోయింది. గాజే వాడమని ప్రొఫెసర్ మొదటిరోజే చెప్పారు. ఇక ఆ మొదటి వారం సంగతి? అప్పుడు వాడిన కొవ్వు సీసా తీసి చూస్తే, దాని గడువు అప్పటికే దాటిపోయింది. సీసా మీద ఆ తేదీ రాసింది నేనే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సింకు దగ్గరికి వెళ్ళి, తప్పంతా నాదేనని, క్షమించమని అడిగాను. పిన్ని కుళాయి కట్టేసింది.

"నలుగురిలో అన్నావు కదమ్మా. నాకొక్కదానికి చెబితే ఎలా?"

ఆ తర్వాతి సోమవారం ఆవిడను మీటింగుకి వెంటబెట్టుకుని వెళ్ళాను. అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రొఫెసర్ కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద అక్కడే సంతకం పెట్టారు. పిన్ని దాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. హమ్మయ్య, అయిపోయిందనుకుని, అల్మారాలోని గాజు గొట్టాలన్నీ ట్రేలో సర్ది సింకు పక్కన పెట్టి వెనక్కి తిరిగాను.

"ఆగమ్మా. పక్కన నిలబడు. నేను కడగడం నీ కళ్ళతో చూసి, అప్పుడు పట్టుకెళ్ళు."

"అవసరం లేదు పిన్నీ, నాకు నమ్మకం ఉంది."

"నాకు నీ మీద లేదమ్మా," అంది, గొట్టాల మీద చెయ్యి వెయ్యకుండా.

నిలబడ్డాను. ఇప్పటికీ రోజూ నిలబడుతూనే ఉన్నాను.