జనవరిల మాయమైన మూడు రోజులు

పొద్దుగాల నేను మొబైల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే అమ్మ ఫోన్ చేసింది. నర్సమ్మ పోయింది రా అన్నది. ఏడికి పోయింది అని అడిగిన. అమ్మ ఏడుపు షురూ చేసింది. అప్పుడు సమజైంది. చాయ్ తాగి గోడకు ఒరిగిందట, గిలాస చేతుల ఉండంగనే పానం పోయిందట.

నిజం చెప్తున్న, నాకు ఫస్ట్ ఏడుపు రాలే. భయమైంది. రేపు ఎవరికి సూది ఉన్నదో, ఎల్లుండి ఎవరికి ఉన్నదో ఇగ చూసేటోళ్లు ఎవరున్నరు అని. ఆ తారీఖులు లెక్కపెట్టే యాప్ చేసింది నేనే. అది కరెక్ట్ చెప్తున్నదా లేదా అని చూసేటిది ఆమె ఒక్కతే.

నాందేడ్‌ల మా గల్లీల మరాఠోళ్లు ఆమెను నర్స్‌బాయి అంటుండ్రి, మనోళ్లు నర్సమ్మ అంటుండ్రి. నేను అత్త అనేటోణ్ణి. చుట్టం కాదు, మా ఇంటికి మూడిండ్ల అవతల ఉండేది. సర్కారు నర్సుగ బిలోలి దిక్కు, హిమాయత్‌నగర్ దిక్కు ఊర్లన్నీ తిరిగింది. రిటైరైనంక కూడ ఆమె గడప ఖాళీగ ఉన్నది నేను చూడలే. బార్డర్ ఊర్లకెల్లి కూలికచ్చిన మనోళ్లు దవాఖాన కార్డులు పట్టుకోని వస్తరు. కార్డు మీద మరాఠీ ఉంటది, ఇంగ్లీష్ ఉంటది. వాళ్లకు రెండూ చదవరాదు. అత్త కార్డు చూసి, ఏ రోజు మల్ల దవాఖానకు పోవాల్నో తెలుగుల చెప్పేది. చెప్పి నోట్‌బుక్కుల రాసుకునేది. ఆ రోజు వాళ్లకు ఫోన్ చేసేది. పోలేదంటే తిట్టేది. ఆమె తిట్లకు భయపడి సూదులేసుకున్నోళ్లు చానమంది ఉన్నరు.

నేను తొమ్మిదో తరగతిలనే శాళ విడిసిపెట్టిన, చదువు బంద్. ఒక్క జాగల కూసోరాదు నాకు. ఫోన్ల వీడియోలు చూసి యాపులు చేసుడు నేర్చుకున్న. ఏది మొదలుపెట్టినా సగంల ఇడిసేటోణ్ణి. ఒకరోజు అత్త నోట్‌బుక్ చూసి, గిదంతా ఎందుకు అత్తా, నేను యాప్ చేసిస్త, పొద్దున లేవంగనే ఈ రోజు ఎవరికి సూదో ఫోనే చెప్తది అన్న. ఆమె నన్ను కిందికెల్లి మీదికి చూసింది.

"ఇది కూడ సగంల ఇడుస్తవా, పూర్తిగ చేస్తవా? ఇడిసేటిదైతే ఇప్పుడే చెప్పు. నా నోట్‌బుక్ నాకున్నది."

ఆ మాటకు రోషం వచ్చి కూసున్న.

తారీఖుల లెక్క అల్కగ ఉంటది అనుకున్న. అంత పరేషాన్ ఇంకోటి లేదు. ఆమె ఫోన్ మరాఠీల పెట్టుకున్నది. నా ఫోన్ల మంచిగ నడిచిన యాప్ ఆమె ఫోన్ల పెట్టంగనే బంద్ అయితున్నది. రెండు రోజులు తల పట్టుకున్న. చూస్తే ఏంది, ఆమె ఫోన్ తారీఖును మరాఠీ అంకెలల్ల రాస్తున్నది, నా యాప్‌కు ఆ అంకెలు చదవరాలే. అత్తకు చెప్తే కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వింది. నువ్వన్నా మరాఠీ శాళల తొమ్మిది చదివినవ్, నీ యాప్ ఒకటో తరగతి కూడ పోలేదురా అన్నది.

కుక్క కరిస్తే వేసే సూదుల కార్డు కూడ ఆమెనే నేర్పింది. దాని మీద ఖానాలు, గడులు లెక్క, ఉంటయ్. సున్న, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. సున్న ఏంది అత్తా, సున్నో రోజు ఎట్లుంటది అని అడిగిన. మొదటి సూది పడ్డ రోజు సున్న అన్నది. మనోళ్లు ఆ రోజును ఒకటి అని లెక్కపెడ్తరు, అందుకే ఒకరోజు ముందే పోయి వాపస్ వస్తరు, మల్ల పోరు. "మనిషి ఒకటి నుంచి షురూ చేస్తడు. ఈ కార్డు సున్న నుంచి షురూ చేస్తది. నడుమల ఒక రోజు పడిపోతది, ఆ రోజుల మనిషి పడిపోతడు." గిట్ల చెప్పేది ఆమె. పాఠం చెప్తున్నట్టు కాదు, పప్పుల రాళ్లు ఏరుకుంట చెప్పేది.

నేను రోజుల సున్న మంచిగ పట్టుకున్న. యాప్‌ల పెట్టిన. జనవరిల చాలూ చేసినం. తొమ్మిదో తారీఖు అచ్చినామె, పదకొండున అచ్చిన ముసలాయన, పన్నెండున అచ్చినోళ్లు, అందరి మూడో రోజు, ఏడో రోజు కరెక్ట్ వచ్చింది. అత్త తన లెక్క తోని కలిపి చూసుకునేది. వారం పది రోజులు చూసింది. ఇగ భరోసా కుదిరి నోట్‌బుక్ తీసి రేకు సందుకల పెట్టింది. ఆ రోజు నేను గల్లీ అంత ఛాతీ ఇరుసుకోని తిరిగిన.

జనవరి ఇరవై ఎనిమిదిన పోశెట్టన్న అచ్చిండు. బిలోలి అవతలి ఊరు ఆయనది, కూలి చేసుకుంటడు. ఎడమ చేతికి, బొటనవేలి పక్కన కుక్క పట్టింది. దవాఖానల కడిగి మొదటి సూది వేసిన్రు, మూడు రోజులకు రమ్మన్నరు. మూడు రోజులంటే ఏ తారీఖో చెప్పు నర్సమ్మా అని కూసున్నడు. అత్త ఇంట్ల సంచి సదురుతున్నది, తెల్లారి మాహూర్ దేవికి మొక్కు చెల్లించ పోవాలె. ఫోన్ నాకిచ్చి, నువ్వే చూసి చెప్పు అన్నది. నేను తారీఖు కొట్టిన. చూసిన. ఫిబ్రవరి మూడు అన్న. ఫిబ్రవరి మూడు అని ఆయన తలకాయ ఊపి పోయిండు.

ఇప్పుడు మీకు కూడ కనపడ్తుండొచ్చు. నాకు కనపడలే. ఫోన్ చెప్పింది కదా.

అత్త మాహూర్‌కెల్లి ఫిబ్రవరి రెండున పొద్దున వాపస్ అచ్చింది. ఇంట్ల గోడ క్యాలెండర్ ఇంక జనవరిలనే ఉన్నదని కాగితం తిప్పబోయింది. కాటు పడ్డోళ్ల తారీఖుకు ఎర్ర పెన్సిల్ తోని గుండ్రం పెట్టే అలవాటు ఆమెది. ఇరవై ఎనిమిది మీద గుండ్రం ఉన్నది. దాని పక్కన ఇంక మూడు ఖానాలున్నయ్. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి.

షాపుకే అచ్చింది. అంత దూరం ఎప్పుడూ నడవదు. చెప్పులు ఒకటి ఆమెది, ఒకటి ఇంకెవరిదో. పోశెట్టికి ఏ తారీఖు చెప్పినవ్ అని అడిగింది. మూడు అన్న. ఇరవై ఎనిమిదికి మూడు కలుపు అన్నది. నేను నోట్లనే కలిపిన. ముప్పై ఒకటి. ముందటున్న గిరాకి ఫోన్ చేతులకెల్లి జారి కౌంటర్ మీద పడ్డది.

పోశెట్టన్న ఫోన్ బంద్ ఉన్నది. వాళ్ల ఊరోళ్లకు చేస్తే, పసుపు తవ్వే పనికి నిజామాబాద్ దిక్కు పోయిండని చెప్పిన్రు, ఊరు పేరు కూడ సరిగ్గ తెల్వదన్నరు. నా బండి మీద అత్తను కూసోపెట్టుకున్న. బిలోలి దాటి, మంజీర బ్రిడ్జి దాటి, తొవ్వల కనపడ్డ ప్రతి పసుపు చేను కాడ ఆగుకుంట పోయినం. అత్త దిగి పిలిచేది, పోశెట్టీ అని. ఎవరో ఇంకో పోశెట్టి లేచి చూసేటోడు. ఆ దిక్కు సగంమంది పోశెట్టిలే. వేరే రోజైతే నవ్వు వస్తుండె.

నేను తొవ్వ పొడుగూత ఒక్కటే అడుగుతున్న. ఏమన్న అయితదా అత్తా. రెండు రోజులే కదా అత్తా. చేతి మీది కాటు బిడ్డా అన్నది ఆమె. చేతికెల్లి విషం మెదడుకు జల్ది ఎక్కుతది, కాలు మీదిదైతే ఇంత భయపడకపోదును అన్నది. ఆమె నోట్లకెల్లి భయం అనే మాట నేను అప్పుడే విన్న.

మధ్యాహ్నం దొరికిండు. గట్టు మీద కూసోని సద్ది తింటున్నడు. మమ్ముల చూసి లేచి నిలబడ్డడు. రేపు కదా నర్సమ్మా, ఈ పిలగాడే చెప్పిండు మూడో తారీఖని, రేపు పొద్దున బస్సుకు అస్తుంటి అన్నడు. కోపం లేదు ఆయనకు. అదే నేను ఓర్సుకోలేకపోయిన. తిడితే బాగుండు అనిపించింది. అత్త ఆయన చెయ్యి పట్టుకోని కాటును చూసింది, తర్వాత ముగ్గురం ఒక్క బండి మీద దగ్గరి సర్కారు దవాఖానకు పోయినం. డాక్టరు సూది వేసిండు. ఆలస్యమైంది గని ఆపొద్దు, మిగతావి టైముకు వెయ్యాలె అన్నడు. నేను బయట నిలబడి అడిగిన, ఇగ ఏం కాదు కదా అత్తా, ఎన్ని రోజులైతే భయం లేనట్టు, చెప్పు, నేను యాప్‌ల పెట్టుకుంట.

"దానికి తారీఖు లేదు బిడ్డా," అన్నది. "కొందరికి నెలకు తెలుస్తది, కొందరికి మూడు నెలలకు. చూసుకుంట ఉండుడే."

వాపస్ అస్తుంటే బ్రిడ్జి మీద బండి ఆపమన్నది. నౌకరీ కొత్తల, కుక్క కరిచిన ఒకతనికి సూదికి బుధవారం రా అని చెప్పిందట. ఏ బుధవారమో చెప్పలేదట, అతను అడగలేదట. తెల్లారే బుధవారం. అతను అచ్చే వారం అనుకున్నడు. ఏమైంది అతనికి అని అడిగిన. ఆమె నీళ్ల దిక్కు చూసింది. ఇగ నడువు అన్నది. అప్పటికెల్లి ఎవరికైనా వారం పేరు ఒక్కటే చెప్పుడు ఆమె బంద్ పెట్టిందని అమ్మ తర్వాత చెప్పింది.

తప్పు ఏడ ఉన్నదో ఆ మాపటికి దొరికింది. నేను యాప్ రాసిన కంప్యూటర్ భాషల నెలలు కూడ సున్న నుంచే షురూ అయితయ్. జనవరి సున్న, ఫిబ్రవరి ఒకటి, మార్చి రెండు. నేను జనవరికి ఒకటి అని ఇచ్చిన. అది ఫిబ్రవరి అనుకున్నది. ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే రోజులు. అందుకే ఇరవై ఎనిమిది తర్వాత సీదా ఒకటో తారీఖుకు పోయింది. జనవరి ఆఖరి మూడు రోజులను మింగింది. మల్ల జవాబు ఇచ్చేటప్పుడు మార్చి అనుకోని నెల నంబరు రెండు అన్నది, నేను ఆ రెండును ఫిబ్రవరి అనుకున్న. పోయేటప్పుడు ఒక గల్తి, వచ్చేటప్పుడు ఒక గల్తి, రెండు కలిసి నెల నడుమల కరెక్ట్‌గ కనపడ్డయ్. నెల దాటినప్పుడే బయటపడ్డది. తొమ్మిది, పదకొండు, పన్నెండు తారీఖులోళ్ల ఆఖరి సూదులు కూడ తప్పే ఉన్నయ్. అవి ఇంక రాలేదు గనుక దిద్దుకున్నం.

అత్తకు గిదంత చెప్పి, యాప్ తీసేస్త, నాతోని కాదు అన్న. ఎప్పటి లెక్క సగంల ఇడుద్దామని చూసిన. ఆమె తిట్టలే. సందుకలకెల్లి నోట్‌బుక్ తీసి నా ముందట పెట్టింది. "నేను కూడ బుధవారం అన్నంక నౌకరీ ఇడుద్దామనుకున్న. ఇడుస్తే అందరికి తారీఖు ఎవరు చెప్తరు? భయపడుకుంట చెయ్. భయం పోయిన రోజు బంద్ పెట్టు."

అప్పటికెల్లి ప్రతి నెల ఆఖరుకు ఇద్దరం కూసునేటోళ్లం. నేను ఫోన్ల చూసేటోణ్ణి, ఆమె క్యాలెండర్ మీద వేలు పెట్టి ఖానాలు లెక్కపెట్టేది. నేను పోశెట్టన్నకు వారం వారం ఫోన్ చేసేటోణ్ణి. ఎట్లున్నవ్, నీళ్లు మంచిగ తాగుతున్నవా అని అడిగేటోణ్ణి, పిచ్చికుక్క రోగం అయితే నీళ్లు మింగరాదట. ఒకపారి ఆయన, నీళ్లేంది పోరడా, కల్లు కూడ తాగుతున్న, నువ్వు ఊకె గిట్ల అడిగితే నాకే అనుమానం వస్తున్నది అన్నడు. అత్తకు చెప్తే నవ్వింది. నవ్వి, వచ్చే వారం కూడ అడుగు అన్నది.

పోశెట్టన్న మంచిగున్నడు. అత్త పోయిన రోజు మాపటికి అచ్చిండు. పాడె ఎత్తేటప్పుడు నా ముందట ఆయన భుజమే ఉండె.

మొన్న జూన్ ఇరవై తొమ్మిదిన ఒకామె అత్త గడప కాడికి అచ్చి కూసున్నది. విత్తనాలేసే కూలికి అచ్చిందట, కుక్క కరిచి కాలికి కట్టు ఉన్నది, ఆ రోజే మొదటి సూది పడ్డదట. నర్సమ్మ లేదని చెప్పిన. లేచి పోలే. మరి నువ్వు చెప్పు అని కార్డు నా చేతుల పెట్టింది. ఫోన్ల చూసిన. క్యాలెండర్ మీద వేలు పెట్టి చూసిన. ముప్పై, ఒకటి, రెండు. మల్ల చూసిన. వేలు కింద కాగితం చెమటకు తడి అయింది. జూలై రెండు, గురువారమో శుక్రవారమో మనసుల పెట్టుకోకు, రెండో తారీఖు ఒక్కటే యాదికి పెట్టుకో అమ్మా అన్న. ఆమెకు రాసుకోరాదు. అందుకే మరిసిపోకుండ బయటికే అనుకుంట లేచింది. రెండో తారీఖు, రెండో తారీఖు. కుంటుకుంట మెట్లు దిగింది. వాన పడుతున్నది, కొంగు నెత్తి మీద కప్పుకున్నది. ఎదురుంగ ఆటో అస్తే గోడ దిక్కు జరిగి నిలబడ్డది, పెదవులు మాత్రం ఆగలే. గల్లీ మల్పు తిరిగేదాక వినబడ్డది. తర్వాత వాన సప్పుడే. నేను గడప మీద నిలబడి ఇంక వింటున్న.