జ్వరంతో డ్యూటీకి వెళ్లిన రోజు

నర్సుగా అనంతపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన మూడో ఏడు అది. రెండు వేల అయిదో, ఆరో. రెండు ముసుర్లు పట్టగానే ఊరంతా దగ్గు, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఒక పొద్దున లేచేసరికి నాకూ ఒళ్లు కాలిపోతోంది. ఇంకో సిస్టర్ సెలవులో ఉంది. నేనూ మానేస్తే రోగుల దగ్గర ఎవరుంటారని మాత్ర మింగి, మా ఊరు బుక్కరాయసముద్రంలో బస్సెక్కాను. అలా వెళ్లినందుకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆ రోజు మా దగ్గరికి తరచూ వచ్చే ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ముప్పయ్యేళ్లు చెనక్కాయల మిల్లులో వేరుశనగ పొట్టు దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. ఆయాసానికి పీల్చే మందు ఇస్తే, ఎలా పీల్చాలో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు కుదిరేది కాదు. ఎదురుగా కూర్చుని మళ్లీ నేర్పించాను. మధ్యలో రెండుసార్లు దగ్గాను.

"నీకే బాగలేనట్టుండాదే పాపా. ఇంటికి పోయి పండుకో," అన్నారు.

"ఏం కాదు తాతా, ఉత్త జలుబు," అన్నాను.

నాలుగో రోజున ఆయన కొడుకు ఆయన్ని ఆటోలో తీసుకొచ్చాడు. ఒళ్లు పెనంలా ఉంది. పెదాలు నీలంగా మారాయి. ఫ్లూ ముదిరి న్యుమోనియా అయిందని మా డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి పెద్దాసుపత్రికి పంపారు. అప్పటికి నా జ్వరం తగ్గిపోయింది. ఆయన మాత్రం రెండు వారాలకు పైగా అక్కడే ఉన్నారు. ఇల్లు చేరాక కూడా వీధి చివరి టీ కొట్టు దాకా ఆగకుండా నడవలేకపోయారు.

"నా వల్లే వచ్చిందా మేడమ్?" అని డాక్టరమ్మను అడిగాను.

"చెప్పలేం. ఊర్లో సగం మందికి ఉండాది, ఎవరి దగ్గర్నుంచైనా రావచ్చు. కానీ నువ్వు రాకుండా ఉండాల్సింది. రానిచ్చినందుకు నాదీ తప్పే," అన్నారామె.

మరుసటి ఏడు వానలకు ముందే ఆమె బెంగుళూరు నుంచి ఐస్ డబ్బాలో ఫ్లూ టీకాలు తెప్పించారు. ఎక్కువ రాలేదు. ముసలివాళ్లు, షుగరు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు అని ఒక జాబితా రాశారు. అందరికంటే పైన మా సిబ్బంది పేర్లున్నాయి.

"నాకేం జబ్బుందని మేడమ్? ఆ సూది ఇంకొకరికి పనికొస్తుంది కదా."

"నీకొస్తే నాలుగు రోజుల జ్వరం. నీ చేతుల్లో ఉండేవాళ్లకొస్తే ఏమైతాదో చూసినావు కదా," అన్నారు. నేను చెయ్యి చాపాను.

పెద్దాయన వచ్చినప్పుడు టీకా సంగతి చెప్పాను.

"పోయినేడు వచ్చి పోయింది కదా, మళ్లా ఈ సూది యాల?"

"ఆ పురుగు ఏడాదికో వేషం మారుస్తుంది తాతా. అందుకే ఏటా వేసుకోవాలి. వేసుకున్నా జ్వరం రావచ్చు గానీ, మళ్లీ ఆక్సిజన్ దాకా పోయే భయం తగ్గుతుంది."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మా కోడలు కడుపుతో ఉండాది. ఆయమ్మికీ వెయ్యచ్చునా?"

వేయొచ్చని చెప్పాను. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వేయరనీ, అంతవరకూ తల్లి నుంచి వచ్చిన బలమే కాపాడుతుందనీ చెప్పాను. ఆయన తలూపారు. అప్పుడే నా మనసులో ఏడాదిగా ఉన్న మాట బయటపెట్టాను. ఆ రోజు నాకున్నది ఉత్త జలుబు కాదనీ, బహుశా నా నుంచే ఆయనకు అంటుకుందేమోననీ.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"ఆ పొద్దే చెప్తి కదా, ఇంటికి పో అని. ఇన్యావా?"

నేను తలొంచుకున్నాను.

"సరే, ఎయ్యి," అన్నారు.

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకొచ్చారు. ఆమె భయపడుతుంటే పక్కనే నిలబడి, తన చెయ్యి చూపించి, "చీమ కుట్టినట్లుంటాది, అంతే," అన్నారు. ఆ తర్వాత ఆయన నాలుగేళ్లు బతికారు. ఒక ఏడు టీకా వేసుకున్నా జ్వరం వచ్చింది. వారం రోజులు ఇంట్లోనే పడుకుని లేచారు. మనవడు ఆయన ఒళ్లోనే పెరిగాడు.

ఆయనకొచ్చిన ఆ మొదటి ఫ్లూ నా నుంచే వెళ్లిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.